చట్టసభలకు శాస్త్రజ్ఞుల తోడు

శాసనసభ్యుడు సర్వజ్ఞుడై యుండవలెనని ఎవరును కోరరు. ప్రజలు అతనిని ఎన్నుకొనునది రసాయనశాస్త్రమున పట్టభద్రుడని గాదు. తమ కష్టసుఖముల నెరిగినవాడని, తమ పక్షమున నిలిచి మాటలాడగలవాడని ఎన్నుకొందురు. అయినను అతడు సభలో కూర్చుండిన మొదటి దినము నుండియు అతని యెదుటికి వచ్చు బిల్లులలో పెక్కులు శాస్త్రవిషయములతో ముడివడి యుండును. భూగర్భజలమును ఎంతవరకు తోడవచ్చును? ఏ విత్తనమును ఏ షరతులపై అమ్మనీయవచ్చును? ఊరికి ఎంత దూరమున కర్మాగారమును నిలుపవచ్చును? వీనికి అవునని గాని కాదని గాని ఓటు వేయవలసినవాడు అతడే. ఓటు వేయుటకు ముందు నిజమెట్టిదో అడిగి తెలిసికొనుటకు అతనికి ఎవరున్నారు?

సర్కారు శాఖలున్నవి గదా యని కొందరందురు. శాఖలు మంత్రికి లోబడినవి. మంత్రి ప్రవేశపెట్టిన బిల్లులోని లోపమును అవి ప్రతిపక్ష సభ్యునకు చూపునని తలచుట పేరాస. వర్తక సంఘములున్నవి, కంపెనీల ప్రతినిధులున్నారు. వారు అడుగకయే వచ్చి చెప్పుదురు. కాని తమకు లాభమైన సగమే చెప్పుదురు. ఎద్దు ఈనినదనిన గాటను కట్టివేయుమన్న సామెత మన చట్టసభలకు వర్తింపకుండవలెనన్నచో, అడిగినప్పుడు ఉన్నదున్నట్లు చెప్పు చోటొకటి సభకు అందుబాటులో నుండవలెను. ఇట్టి చోటు లోకమున ఎక్కడ, ఎట్లు ఏర్పడినది, దానికి వచ్చిన ఆపదలెట్టివి, మనము దానినుండి నేర్చుకొనవలసిన దేమి యను సంగతిని నేడు పాఠకులకు విన్నవింప దలచినారము.

పాలలోని వెన్న

అమెరికా సంయుక్త రాష్ట్రములలో విస్కాన్సిన్ అను రాష్ట్రమొకటి గలదు. అది 1848లో రాష్ట్రముగా ఏర్పడినది. ఆ సంవత్సరముననే దాని విశ్వవిద్యాలయమును ఏర్పడినది. రాజధానియైన మాడిసన్ నగరమున ఒక పొడవైన వీథికి ఒక కొనను శాసనసభా భవనమును, రెండవ కొనను విశ్వవిద్యాలయపు గుట్టయు నున్నవి. నడుమ దూరము సుమారు ఒక మైలు. ఈ మైలు దూరమును ఆ రాష్ట్రమువారు ఎట్లు దాటిరో తెలిసికొనుటకు ముందు పాల ముచ్చట నొకదానిని చెప్పవలసి యున్నది.

ఆ రాష్ట్రము పాడికి పేరుపొందినది. పందొమ్మిదవ శతాబ్దపు చివర పాలను తూకమును బట్టి కొనుచుండిరి. అందువలన నీళ్లు కలిపినవానికి లాభము, చిక్కని పాలు పోసినవానికి నష్టము కలుగుచుండెను. ఇది మన యూళ్లలో ఎరుగని సంగతి గాదు. 1890లో అచటి విశ్వవిద్యాలయమున పనిచేయుచున్న స్టీఫెన్ బాబ్‌కాక్ అను రసాయనశాస్త్రజ్ఞుడు పాలలో గంధకికామ్లము పోసి, సీసాను గిరగిర త్రిప్పి, మీదికి తేలిన వెన్నను గీతలు గీసిన గొట్టమున కొలుచు సులభమైన పరీక్షను కనిపెట్టెను. సామాన్య కాపు కూడ చేయదగిన పరీక్ష అది. ఆయన దానికి పేటెంటు తీసికొనలేదు. లోకమునకు ఊరక విడిచిపెట్టెను. నేడు మన పాలకేంద్రములలోను వెన్నశాతమును కొలిచి వెలకట్టుట వాడుకలో నున్నది. ఆ యాలోచనకు దారిచూపినవారిలో ఆయన యొకడు.

దీనివలన విస్కాన్సిన్ ప్రజలకొక నమ్మకము కుదిరినది. విశ్వవిద్యాలయమనగా ధనికుల బిడ్డలు చదువుకొను మేడ మాత్రమే గాదు, అది మన పాలకుండను కూడ ఎరుగునని వారు గ్రహించిరి. 1903లో ఆ విశ్వవిద్యాలయమునకు అధ్యక్షుడైన చార్లెస్ వాన్ హైస్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు, రాష్ట్రములోని ప్రతి కుటుంబమునకును విశ్వవిద్యాలయపు మేలు చేరువరకు తనకు తృప్తి లేదని 1905లో చాటెను. అప్పటి గవర్నరు రాబర్టు లాఫాలెట్టు ఆయనకు సహాధ్యాయి. ఇరువురును 1879లో అచటనే పట్టము పుచ్చుకొనినవారు. గవర్నరును ప్రొఫెసరులును తరచు కలిసి భోజనము చేయుచు రాష్ట్ర వ్యవహారములను చర్చించుకొనుచుండిరి. విశ్వవిద్యాలయపు సరిహద్దు రాష్ట్రపు సరిహద్దే యను ఈ భావమునకు ‘విస్కాన్సిన్ ఆలోచన’ యని పేరు వచ్చెను.

మెకార్తీ గది

భావము మంచిదైనంత మాత్రమున పని నడువదు. దానికొక గది, ఒక బల్ల, ఒక మనిషి కావలెను. ఆ మనిషి చార్లెస్ మెకార్తీ. ఐర్లండు నుండి వలసవచ్చిన పేద శ్రామికుల యింట 1873లో పుట్టి, కష్టపడి చదువుకొని, 1901లో విస్కాన్సిన్‌లో డాక్టరు పట్టము పొందినవాడు. ఆ సంవత్సరమే ఆయన శాసనసభా భవనములో సభ్యుల యుపయోగార్థము ఒక చిన్న గ్రంథాలయమును ఆరంభించెను. దాని పేరు శాసన పరామర్శ గ్రంథాలయము. ఆయన విశ్వవిద్యాలయమున రాజనీతిశాస్త్రమును బోధించుచు, సభలో ఈ పనిని చూచుచుండెడివాడు. కనుక మైలు దూరపు వీథికి రెండు కొనలును ఆయన కాళ్లకు తెలియును.

పని యెట్లు జరిగెడిదో వినదగినది. ఒక సభ్యుడు వచ్చి, రైలు కూలీలకు దెబ్బతగిలినప్పుడు నష్టపరిహారమును గూర్చి బిల్లు తేవలెనని యున్నదని చెప్పును. వెంటనే ఇతర రాష్ట్రములకు, ఇతర దేశములకు ఉత్తరములు, తంతివార్తలు పోవును. అచట ఇట్టి చట్టమున్నదా, ఉన్నచో ఎట్లు నడుచుచున్నది, న్యాయస్థానములు ఏమనినవి, దానిని నిందించినవారి వాదమేమి యను సంగతులన్నియు కూడబెట్టి, పత్రికల ముక్కలతో సహా అమర్చి, తొందరలోనున్న సభ్యునకు తొందరగా చదువుటకు వీలగునట్లు ఇచ్చెదరు. శాస్త్రవిషయమైనచో వీథి కొననున్న ప్రొఫెసరును పిలిపించెదరు.

మెకార్తీ తన మనుష్యులకు పెట్టిన నియమములు కఠినమైనవి. సభ్యుడు స్వయముగా వ్రాసి సంతకము చేసి యిచ్చినగాని బిల్లు చిత్తును ముట్టరాదు. ఇందేమి యుండవలెనో సూచింపరాదు. మా పని గుమాస్తాపని, భాషను సరిదిద్దు పని. ఆలోచన సభ్యునిది అని ఆయన తేల్చి చెప్పెను. ఏ కక్షివాడైనను, ఎంత చిన్నవాడైనను, అడిగినవాని కందరికిని ఒకే తీరున సహాయము చేయవలెను. ఈ నియమములే ఆ గదికి ప్రాణము.

ఫలమేమనగా, 1911లో జరిగిన ఒక్క సమావేశములోనే ఆ రాష్ట్రము ఆదాయపు పన్నును, శ్రామికుల నష్టపరిహారమును, పరిశ్రమల సంఘమును నెలకొల్పు చట్టములను చేసెను. శ్రామికుల నష్టపరిహారపు చట్టము ఆ దేశమున న్యాయస్థానముల పరీక్షకు నిలిచిన వానిలో మొదటిది. పరిశ్రమల సంఘపు చట్టమునకు రూపమిచ్చినవాడు విశ్వవిద్యాలయపు అర్థశాస్త్ర ప్రొఫెసరు జాన్ కామన్సు. 1914లో ఆ దేశపు కాంగ్రెసు కూడ ఈ మాదిరిని గైకొని తన గ్రంథాలయమున శాసన పరామర్శ విభాగమును తెరచెను. మెకార్తీ గ్రంథాలయమునకు 1922 నుండి 1933 వరకు పెద్దగా నుండిన ఎడ్విన్ విట్టీ యనునాయన, 1935లో అమెరికా సాంఘిక భద్రతా చట్టము పుట్టుటకు కారకులలో ముఖ్యుడాయెను. ఒక గదిలో మొదలైన పని ముప్పది నాలుగేండ్లలో ఒక మహాదేశపు ముసలివారికి భృతిని కల్పించు చట్టము దాక పోయినది.

వెలయెత్తి చూచిన విరోధులు

మంచిపనికి విరోధులు లేకుండుట లేదు. సభ్యుల చేత బిల్లులను పుట్టించు కార్ఖానా యని ఆ గదిని కొందరు నిందించిరి. 1914 ఎన్నికలలో ఇమాన్యుయేల్ ఫిలిప్ అనునాయన, విశ్వవిద్యాలయపు ఖర్చును తగ్గించెదనని, ఈ గ్రంథాలయమును తీసివేసెదనని ఓటరులకు చెప్పి గవర్నరుగా గెలిచెను. గెలిచిన పిమ్మట గ్రంథాలయపు పనిని దగ్గరనుండి చూచెను. చూచి దానిని నిలువనిచ్చెను. పనిని దాచక చూపుటయే ఆ గదికి రక్షయైనది. నూట యిరువది యేండ్లు దాటినను ఆ కార్యాలయము వేరు పేరుతో నేటికిని నడుచుచున్నది. విశ్వవిద్యాలయపు ఆశయమునకు మాత్రము ఆపద తప్పలేదు. 2015లో ఆ రాష్ట్రపు గవర్నరు స్కాట్ వాకర్ బడ్జెటు బిల్లులో, విశ్వవిద్యాలయపు ధర్మములను చెప్పు చట్టభాగమునుండి సత్యాన్వేషణమను మాటయే కొట్టివేయబడి యుండెను. ప్రజలు గగ్గోలు పెట్టగా, అది చిత్తు వ్రాతలో దొర్లిన తప్పని చెప్పి వెనుకకు తీసికొనిరి.

అంతకంటె లోతైన ఆపద మరియొకటి గలదు. విశ్వవిద్యాలయమునకు డబ్బిచ్చునది శాసనసభ. డబ్బిచ్చు చేతికి ఇష్టము లేని నిజమును చెప్పవలసి వచ్చినప్పుడు ప్రొఫెసరు నోరు పెగులునా? ఈ ప్రశ్నకు పొరుగు రాష్ట్రమైన అయోవాలో 1943లో జరిగిన కథ చేదైన జవాబు చెప్పుచున్నది. అవి యుద్ధపు రోజులు. అయోవా స్టేట్ కళాశాల అర్థశాస్త్రజ్ఞులు ఆహార విధానమును గూర్చి చిన్న పుస్తకములను వెలువరించుచుండిరి. అందు ఐదవ పుస్తకమున బ్రౌన్‌లీ యను యువకుడు, నూనెలతో చేయు మార్గరిన్ పోషణ యందును రుచి యందును వెన్నతో తూగగలదని వ్రాసెను. అది పాడిరైతుల రాష్ట్రము. వెన్న వర్తకులు మండిపడిరి. పుస్తకమును ఉపసంహరింపవలెనని పట్టుబట్టిరి. కళాశాల అధికారులు తలయొగ్గిరి. మరుసటి యేట దానిని దిద్ది వేరుగా అచ్చొత్తిరి. ఆ శాఖకు అధిపతియైన థియోడర్ షుల్ట్‌జ్ కొలువు విడిచి షికాగో వెళ్లిపోయెను. 1979లో ఆయనకు అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము వచ్చెను.

విస్కాన్సిన్‌నే తీసికొందము. బాబ్‌కాక్ పరీక్షకు పుట్టినిల్లైన ఆ రాష్ట్రము, వెన్నకు పోటీ రాకూడదని, పసుపురంగు వేసిన మార్గరిన్ అమ్మకమును 1895 మొదలు 1967 వరకు నిషేధించి యుంచినది. డెబ్బది రెండేండ్లు! శాస్త్రజ్ఞుడు పక్కనే యున్నను, ఓట్లు గలవారి యాదాయమునకు దెబ్బ తగులుచోట చట్టసభ అతని మాట వినునను హామీ లేదు. ఇది మనము మరువరాని సత్యము. శాస్త్రసలహా సభ్యుని స్వార్థమును పోగొట్టజాలదు. స్వార్థముతో ఓటు వేసినవాడు నాకు తెలియదని తప్పించుకొనుటకు మాత్రము వీలులేకుండ చేయును. ప్రజలకు అదియే గొప్ప మేలు.

వెలిగిన దీపములు, ఆరిన దీపములు

అమెరికా కాంగ్రెసు 1972లో శాస్త్ర సాంకేతిక విషయములను తూచి చెప్పుటకు ఒక ప్రత్యేక కార్యాలయమును స్థాపించెను. దానిపై పెత్తనము చేయు సంఘమున రెండు కక్షలవారును సరిసమానముగా నుండిరి. ఉభయసభల నుండి ఆరుగురు చొప్పున పన్నిద్దరు. ఇరువది మూడేండ్లలో అది సుమారు 750 నివేదికలను సిద్ధపరచెను. ఈ దారిని పోయిన ఇది ఫలము, ఆ దారిని పోయిన అది ఫలము అని చెప్పి, ఏ దారిని పోవలెనో సభ్యులకే విడిచిపెట్టుట దాని పద్ధతి. 1994 ఎన్నికలలో కాంగ్రెసు చేతులు మారినది. పొదుపు పేరుతో 1995లో ఆ కార్యాలయమును మూసివేసిరి. ఏటేట దానికగు ఖర్చు రెండు కోట్ల డాలర్లకు కొంచెము మించినది. ఆ దేశపు బడ్జెటులో అది సముద్రమున కాకిరెట్ట. నివేదికలు నేటికిని చదువబడుచున్నవి. వ్రాసినవారు మాత్రము చెల్లాచెదరైరి.

ఇంగ్లండు పార్లమెంటునకు ఇట్టి కార్యాలయము 1989లో విరాళముల ధనముతో పుట్టినది. పనిని చూచి, నచ్చి, పార్లమెంటు దానిని తనదిగా చేసికొన్నది. నాలుగు పుటల చిన్న నివేదికలు దాని ప్రత్యేకత. అచ్చునకు ముందు వెలుపలి శాస్త్రజ్ఞులు వానిని పరీక్షించెదరు. సభ్యునకు తీరిక తక్కువ యని గ్రహించినవారు వారు.

విశ్వవిద్యాలయములే కలిసి రాష్ట్ర చట్టసభకు తోడైన చక్కని దృష్టాంతము కాలిఫోర్నియా. అచటి శాసనసభ తీర్మానమును పురస్కరించుకొని 1988లో ఆ రాష్ట్రపు ప్రభుత్వ విశ్వవిద్యాలయములును, స్టాన్‌ఫర్డు మొదలగు ఖాసగీ విశ్వవిద్యాలయములును చేరి శాస్త్ర సాంకేతిక మండలి నొకదానిని ఏర్పరచినవి. 2009 నుండి ఈ మండలి డాక్టరు పట్టము పొందిన యువ శాస్త్రజ్ఞులను ఏడాదిపాటు రాజధాని శాక్రమెంటోకు పంపి సభ్యుల కార్యాలయములలోను కమిటీలలోను పనిచేయించుచున్నది. మొదటి యేట పోయినవారు పదిమంది. ప్రయోగశాలలో పెరిగినవాడు చట్టమెట్లు పుట్టునో కన్నులార చూచును. సభ్యుడు శాస్త్రజ్ఞు డెట్లు సందేహించునో చూచును. ఇరువురికిని ఇది విద్యయే.

ఆ మండలి పని యెట్టిదో ఒక్క యుదాహరణము చాలును. నేల లోపలి రాతిని నీటి యొత్తిడిచే పగులగొట్టి నూనెను తీయు పద్ధతిపై 2013లో అచట పెద్ద వివాదము రేగినది. నిషేధింపుమని కొందరు, ముట్టవలదని కొందరు. సభవారు చేసిన చట్టములో, స్వతంత్రమైన శాస్త్రపరిశీలన జరుపవలెనని కూడ విధించిరి. మండలి ఆ పనిని స్వీకరించి 2015లో నివేదికలను సమర్పించినది. కంపెనీలు నేలలోనికి పంపు రసాయనములలో కొన్నింటి విషస్వభావమును గూర్చి సమాచారమే లేదని, ప్రమాదకరములైన వానిని తగ్గింపవలెనని, మలిన జలమును అడుగు కట్టని గుంటలలో ఇంకనిచ్చుట మానవలసినదని సూచించినది. తెలిసినది తెలిసినదిగా, తెలియనిది తెలియనిదిగా విడదీసి చెప్పుటయే ఆ నివేదిక విలువ. 2015 అక్టోబరులో లాస్ ఏంజలిస్ వద్ద అలీసో కాన్యన్ అనుచోట భూగర్భమున నిలువజేసిన వాయువు కొన్ని నెలలు వెలుపలికి చిమ్మి, వేలకొలది కుటుంబములు ఇండ్లు విడువవలసి వచ్చినప్పుడును, ఇట్టి నిలువలు రాష్ట్రమున ఎంత క్షేమకరములో పరిశీలించుమని సభవారు ఈ మండలినే కోరిరి.

మన సంగతి

పొరుగింటి పుల్లకూర రుచి యని పాఠకులలో కొందరు నవ్వవచ్చును. మన యింటి కూరను గూర్చియే చెప్పెదము. నెల్లూరు జిల్లా గ్రామములలో జనులు నడుములు వంగి, కీళ్లు బిగిసి, యౌవనమందే వృద్ధులగుటకు బావినీళ్లలోని ఫ్లోరైడు కారణమని షార్టు, పండిట్, రాఘవాచారి అను శాస్త్రజ్ఞులు 1937లోనే ప్రకటించిరి. ఆ రోగము మన దేశమున మొదట గుర్తింపబడినది తెలుగుగడ్డ మీదనే. నీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రామునకు మించి ఫ్లోరైడు ఉండరాదని తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టినది. పటికయు సున్నమును కలిపి దానిని విరుగగొట్టు ఉపాయమునకు నల్లగొండ పద్ధతి యని మన జిల్లా పేరే లోకమున నిలిచినది.

పేరు లోకమెల్ల ప్రాకినది. నీళ్లు మాత్రము ఊరికి రాలేదు. 1996 పార్లమెంటు ఎన్నికలలో నల్లగొండ నియోజకవర్గమున 480 మంది అభ్యర్థులు నిలిచిరి. మంచినీటి కొరకు ప్రజలు చేసిన ఆక్రందన అది. ఓటు కాగితము పుస్తకమంత యయ్యెను. కారణము తెలిసిన 1937కును ఆ ఎన్నికకును నడుమ ఏబది తొమ్మిది సంవత్సరములు. ఈ కాలమున ఎందరు పసిబిడ్డల కాళ్లు వంకరలు పోయినవో తలచుకొనిన గుండె తరుగుకొనిపోవును. శాస్త్రజ్ఞుడు తన పనిని చేసెను. సభ్యుడు తనకు తోచినట్లు ప్రశ్నలడిగెను. ఒకరు కనుగొన్నదానిని మరియొకరి బల్లపై, ఇన్ని గ్రామములు, ఇంత ఖర్చు, ఇన్ని మార్గములు, ఆలస్యమైన ఇంత నష్టమని లెక్కగట్టి ప్రతి సమావేశమునను పెట్టువాడు లేకపోయెను. కొరతపడిన దా మనిషి.

ఇప్పటికిని ఆ కొరత తీరలేదు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2002లో జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టమును చేసినది. 2007లో పత్తి విత్తనముల ధరను అమ్మకమును నియమించు చట్టమును చేసినది. మొదటిది భూగర్భశాస్త్రము తెలియనిదే అర్థము కాదు. రెండవది జన్యుశాస్త్రముతో ముడిపడినది. రేపు వచ్చు బిల్లులు ఇంతకంటె చిక్కువి. కృత్రిమ మేధ, గ్రామసీమలలో రసాయన పరిశ్రమలు, సముద్రతీరపు కోత, ఉద్దానములో ఊళ్లకు ఊళ్లను పట్టిన మూత్రపిండవ్యాధి, ఇవన్నియు సభల తలుపు తట్టుచున్నవి. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 175 మంది, తెలంగాణ శాసనసభలో 119 మంది ఎన్నికైన సభ్యులున్నారు. వీరిలో సాధారణ సభ్యునకు పరిశోధన చేసిపెట్టు సిబ్బంది యన్నది లేదు. ఢిల్లీలో 2005 నుండి పి.ఆర్.ఎస్. అను స్వతంత్ర సంస్థ బిల్లులను విశ్లేషించి పార్లమెంటు సభ్యులకు ఇచ్చుచున్నది. అది మెచ్చదగిన పని. మన సభలకు మన విశ్వవిద్యాలయముల నుండి అట్టి తోడు రావలసి యున్నది.

మనకు విద్వాంసుల కొరత యున్నదా? ఉస్మానియా 1918లో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో పుట్టినవి. వ్యవసాయ విశ్వవిద్యాలయము 1964 నుండి యున్నది. హైదరాబాదున జాతీయ పోషకాహార సంస్థయు, జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థయు శాసనసభకు కొన్ని మైళ్ల దూరముననే యున్నవి. మాడిసన్ వీథి కంటె మన వీథి కొంచెము పొడవైనది, అంతే భేదము. ఆ వీథిలో నడచు అలవాటు మనకు లేదు.

కావలసిన దేమి

ఈ కార్యాలయము సభది కావలెను గాని సర్కారుది కారాదు. స్పీకరు క్రింద, ఉభయ పక్షములవారును సమసంఖ్యలో నుండు సంఘము దానిని చూడవలెను. ఇది మొదటి నియమము. ఏ బిల్లును గూర్చియైనను తెలిసిన దేమి, తెలియని దేమి, ఒక్కొక్క మార్గమున ఫలమేమి యని చెప్పవలెను. ఎట్లు ఓటు వేయవలెనో చెప్పరాదు. ఇది రెండవది. శాస్త్రమెరిగినవారు రాజ్యమేలుదురని భయపడువారికి ఇందు జవాబున్నది; తీర్పు ప్రజాప్రతినిధిదే, సాక్ష్యము మాత్రము శాస్త్రజ్ఞునిది. సాక్షికి తీర్పు చెప్పు నధికారము లేదు. సాక్షి లేని తీర్పునకు విలువయు లేదు.

ధనము విషయమున అయోవా కథను మరువరాదు. సలహా చెప్పినవాని కొలువు ఆ సలహా నచ్చనివాని చేతిలో నుండరాదు. కనీసము ఐదేండ్లకొకమారు నిర్ణయింపబడు నిధి, చెప్పినదానికై శిక్షింపరాదను రక్ష చట్టముననే యుండవలెను. అట్లే శాస్త్రజ్ఞుడును తనకే కంపెనీతో నేమి సంబంధము గలదో ముందుగా వ్రాసి యీయవలెను. శాస్త్రమున కంపెనీ సొమ్ము చేరని చోటు నేడు తక్కువ, దాచుటయే దోషము.

కడపటిది, మాకు ముఖ్యమైనది, భాష. ఆ నివేదికలు తెలుగున వెలువడవలెను. ఇంగ్లీషున నూరు పుటలు వ్రాసి బల్లపై పడవైచుట సలహా కాదు. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగు పెద్దలు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి ప్రకృతిశాస్త్రములను తెలుగున నచ్చొత్తించిన నాడు, తెలుగున శాస్త్రము పలుకదని ఎగతాళి చేసినవారు లేకపోలేదు. పలికినది. శాసనసభ్యుడు చదివి గ్రహించి, తన గ్రామమునకు పోయి రచ్చబండ వద్ద చెప్పగల భాషలో నాలుగు పుటలు చాలును. అట్లు బిల్లునకు జతపరచిన నివేదికను ఎల్లరును చూచునట్లు ప్రకటించినచో, పత్రికలకును పౌరులకును అది ఆయుధమగును.

ఖర్చును గూర్చి వాదించువారికి ఒక్క మాట. తప్పు చట్టము ఖరీదు దానికంటె వేయిరెట్లు. అది బడ్జెటు పద్దులలో కనుపడదు గాని రైతు యింట, రోగి మంచమున కనుపడును. మాడిసన్‌లో ఆరంభమునకు కావలసినది ఒక గది, ఒక బల్ల, ఒక శ్రద్ధగల మనిషి. మన రెండు సభల స్పీకర్లును, విశ్వవిద్యాలయాధ్యక్షులును తలచుకొనినచో రానున్న సమావేశమునకే ఇంతపాటి ఆరంభము చేయవచ్చును. ఏదో ఒక్క బిల్లును తీసికొని, ఇరుపక్షముల సభ్యులు కలిసి వ్రాసిన ప్రశ్నలకు శాస్త్రజ్ఞులచేత తెలుగున జవాబులు వ్రాయించి చూడుడు. అది పనికివచ్చినదని ఇరుపక్షములును ఒప్పుకొన్న నాడు రెండవ బల్లను వేయవచ్చును. ఈ విషయమున ముందడుగు వేయు సభ్యుడు ఏ పక్షమువాడైనను, అతనికి మా శక్తి కొలది తోడుపడగలము.